ఎండకు ఆగే తాబేలు

ఇందులో రాయబోయే ప్రతి ముక్కా నిజం. నా మీద నేను ఒట్టేసుకుంటే మలయాలో ఈ క్లాంగ్ బజారులో ఎవరూ నమ్మరని తెలుసు కనుక, మా ఇంట్లో తూర్పు గోడకున్న దేవుళ్లందరి మీదా వరసగా ఒట్టేస్తున్నాను. వీళ్లలో ఏ ఒక్కరినీ ఇంతకుముందు ఏ అబద్ధానికీ వాడుకోలేదు. వాడేసిన దేవుళ్లు పడమటి గోడకున్నారు.

ఇంత గట్టిగా చెప్పుకోవలసిన ఖర్మ ఎందుకు పట్టిందంటే, రబ్బరు ఎస్టేటులో కిరాణీగా, అంటే గుమాస్తాగా, ఉన్న రోజుల్లో నేను కొన్ని మాటలన్నాను. వానాకాలంలో పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే కుండలోకి రొయ్యలు ఈదుకుంటూ వచ్చేవన్నాను. దొరగారి కుక్క మన కూలీల ఇళ్ల వరసల, అదే లైన్ల, పక్కన పెరగడం వల్ల తెలుగులో మొరిగేదన్నాను. అవన్నీ వేరు. ఇది వేరు.

మొన్న ఆదివారం మా ఆవిడతో కలిసి మార్కెట్టుకు వెళ్లాను. చేపల వరస చివర ఒక చీనా ముసలమ్మ వెదురుబుట్టలో తాబేళ్లు పెట్టుకుని కూర్చుంది. సూపు కాచుకునేవాళ్ల కోసం. నేను వంకాయల కోసం వెళ్లినవాణ్ని. నా చెయ్యి నన్నడక్కుండా ఆ బుట్టలోకి వెళ్లి ఒకదాన్ని పైకి తీసింది. తిరగేసి కాళ్లు చూసింది. డిప్ప మీద బొటనవేలితో రాసింది. ఎండలోకి పట్టుకుని దాని ఊపిరి ఎలా ఆడుతోందో చూసింది.

"ఏటది? ఈ వయసులో సూపు తాగుతావేటి?" అంది మా ఆవిడ.

"ఇది ఎండకి ఆగదు," అన్నాను.

ఆవిడ మొహం మారిపోయింది. నా చేతిలోది తీసి బుట్టలో పెట్టి, రెక్క పట్టుకుని నన్ను అక్కణ్నుంచి లాక్కొచ్చేసింది. వంకాయలు కొననే లేదు. ఎందుకంటే ఆ మాట నాది కాదు. అది మా పొగ ఇంటి మావ మాట.

పొగ ఇల్లు ఎరగని వాళ్లకు చెప్పాలి. చెట్ల నుంచి తీసిన రబ్బరు పాలను గడ్డకట్టించి, దుప్పటిలా సాగదీసి, ఒక పొడవాటి కొట్టంలో వెదురుకర్రల మీద ఆరేస్తారు. కింద రబ్బరు కట్టెల మంట. ఆ పొగకూ వేడికీ షీట్లు ఆరి, బెల్లం రంగుకు తిరుగుతాయి. మంట ఎక్కువైతే కాలిపోతాయి, తగ్గితే బూజు పడతాయి. ఆ మంట చూసుకునేవాడు మావ. మా ఎస్టేటు మొత్తంలో తడి తగలని చోటు అదొక్కటే. మిగతా చోట్ల చెమ్మకు ఉప్పు కరిగిపోయి, మేం కూరలో ఉప్పు గ్లాసుతో పోసుకునేవాళ్లం.

ఆయనకు కనుబొమలు ఉండేవి కావు, ఎప్పుడో మాడిపోయాయి. ఎదుటివాడితో మాట్లాడేటప్పుడు ఒక కన్ను మూసేవాడు. పొగ లేని చోట కూడా అంతే, అలవాటు. కొత్తవాళ్లు కన్ను కొడుతున్నాడనుకుని కంగారుపడేవాళ్లు. వాన మొదలైతే కొట్టం వాకిట్లోకొచ్చి, పొలం గట్టు దగ్గర పొరుగువాడితో తగువాడినట్టు ఆకాశంతో అనేవాడు: "మళ్లీ వొచ్చినావేటి? నిన్ననే గదా ఎల్లినావు. నీకు ఇల్లూ వాకిలీ నేదేటి?"

నేను ఆయన్ని మావా అనేవాణ్ని. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆయనదీ మా తాతదీ శ్రీకాకుళం పక్క, అంతే.

యుద్ధంలో జపాను వాళ్లు మలయాను ఏలిన కాలంలో ఆయన్ని పక్క దేశం సయాంలో రైలు దారి వేసే పనికి తోలుకుపోయారు. పెళ్లామూ, పాలపళ్లు ఊడని కూతురూ లైన్లో ఉండిపోయారు. అక్కడేం జరిగిందో ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. చెప్పింది ఒక్క తాబేలు సంగతే. అదీ ఎప్పుడూ ఒకే రకంగా, మంట ఎగదోస్తూ, నా వైపు చూడకుండా.

"ఎండాకాలం. గెడ్డల్లో సుక్క నీరు నేదు. బండల మీద పసుపు తాబేలొకటి నడుసుకుంటూ వొచ్చినాది. మావోళ్లు అప్పుడే రాళ్లు పేర్సి మంటెట్టీసినారు. అందరికీ ఆకలే. నాకూ ఆకలే. ఎత్తితే కళ్లిప్పి సూసినాది. మా ఊరి పక్క శ్రీకూర్మం గుళ్లో తిరుగుతాయే, ఆ తాబేళ్లు అలాగే సూత్తాయి. సామీ, నిన్నొగ్గీతన్నాను, నానింటికెల్లీతలికి నా గుంట బతికుంటే నీ గుడికో తాబేలునట్టుకొత్తాను అన్నాను."

"తరవాత?"

"కొట్టినారు."

"తాబేలునా?"

"నన్ను. తాబేలు ఎల్లిపోనాది గదా."

ఆయన తిరిగి వచ్చేసరికి పెళ్లాం జ్వరంతో పోయింది. ఆయన గుంట, అదే కూతురు, మాత్రం బతికే ఉంది. పక్కింటి వాళ్లు పెట్టిన కర్రపెండలం తిని, పుల్లలా అయిపోయి, తండ్రిని చూసి ఎవరో అనుకుని తలుపు వెనక దాక్కుంది. ఆ పిల్లకు కూర్మమ్మ అని ముందే పేరు పెట్టుకున్నారు. మేమంతా కూర్మీ అనేవాళ్లం.

దేవుడు తన వంతు చేశాడు. ఇక మావ తాబేలును తీసుకెళ్లాలి. చిక్కు అక్కడే వచ్చింది. శ్రీకూర్మంలో తిరిగేవి మెట్టనేల తాబేళ్లు. డిప్ప మీద చుక్కలతో, వేసవిలో కాలు పెట్టలేని బండల మీద దర్జాగా నడుస్తాయట. మన మలయా తాబేలు పుట్టేదే బురదలో. "ఈటిది జలుబు దేశం అల్లుడూ. అక్కడికట్టుకెళ్లి ఆ ఎండలో ఒగ్గితే, సామి కళ్లముందే సత్తాది. మొక్కు తీర్సినట్టా, పాపం సేసినట్టా?"

అందుకని ఎంపిక మొదలెట్టాడు. టాపింగుకు, అంటే చెట్లకు గాటుపెట్టి పాలు తీయడానికి, వెళ్లేవాళ్లు దొరికిన తాబేలునల్లా ఆయనకు తెచ్చి ఇచ్చేవాళ్లు. ముందు కాళ్లు చూసేవాడు: వేళ్ల మధ్య తోలుంటే ఈత బాపతు, పనికిరాదు. ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉండాలి. తరవాత డిప్ప: పళ్లెంలా చదునుగా ఉంటే ఏటిది, బోర్లించిన గిన్నెలా ఉంటే నేలది. తరవాత నీళ్ల మూకుడు పెట్టేవాడు. తాగి బయటికొచ్చేస్తే మంచిదే, అందులోనే కూర్చుంటే సంబంధం తప్పినట్టే. ఎండుగడ్డి వేసేవాడు, తింటుందో మొహం తిప్పుకుంటుందో అని. ఇవన్నీ దాటితే కడపటి పరీక్ష: మిట్టమధ్యాహ్నం కొట్టం ముందున్న సిమెంటు మెట్టు మీద, ఒకవైపు ఎండ, ఒకవైపు పొయ్యి సెగ. పక్కనే తనూ కూర్చునేవాడు, తలగుడ్డ లేకుండా. తాబేలు నోరు తెరిచిందో, నురగ కక్కిందో, చటుక్కున ఎత్తుకుని కాలవ దాకా పరిగెత్తేవాడు. "తప్పయిపోనాది నాయనా, ఎల్లిపో, నీ దేశంలో నువ్వుండు," అని నీళ్లలో వదిలేవాడు.

"బావా, సూసినావా మా అయ్యని?" అనేది కూర్మి, పాల బకెట్లు దింపుతూ. అప్పటికి టాపింగు పనిలో చేరింది. "ఈడొచ్చిన ఆడపిల్లున్నాది ఇంట్లో. దానికి సంబంధాలు సూడమంటే తాబేళ్లకి సూత్తన్నాడు. అదీ ఒక్కటీ కుదర్నియ్యడు లా!" మాట చివర ఆ లా ఈ దేశపు అలవాటు.

"నీకు నేను చూస్తాను. ఇపో టౌనులో ఒక కుర్రాడున్నాడు, ఒంటి చేత్తో లారీ ఎత్తుతాడు."

"ఎత్తి ఏటి సేత్తాడు? అబద్దాల బావవి నువ్వు. అప్పకి సెప్తానుండు." అప్ప అంటే మా ఆవిడ.

అప్పటికే తెల్లదొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులు తుపాకులతో అడవిలోకి చేరారు. దొరల ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తోంది. చెల్లాచెదురుగా ఉన్న మా లైన్లన్నిటినీ ఒక పల్లంలోకి తెచ్చి, చుట్టూ ముళ్ల తీగ కట్టారు. గేటు పెట్టారు. పొద్దుపోతే తాళం. పగలు బయటికెళ్లేవాళ్లెవరూ తిండి అన్నది పట్టుకెళ్లకూడదు, అడవిలో ఉన్నవాళ్లకు చేరుతుందని. బియ్యం వద్దు, పాలడబ్బా వద్దు, పంచదార వేసిన టీ సీసా కూడా వద్దు. పొగ ఇల్లు తీగకు అవతల ఉండిపోయింది. దొరికిన తాబేలు ఇంట్లో కూర్మి దగ్గర, దాని పరీక్ష గేటు అవతల.

గేటు దగ్గర ఒక మలాయ్ కానిస్టేబుల్ ఉండేవాడు. కుర్రవాడు, మీసం ఇంకా సందేహిస్తోంది. మావ చంకలో మూట చూసి ఆపాడు. మలాయ్ మాట్లాడటానికి నన్ను పిలిచారు.

"ఏమిటది?"

"తాబేలు."

"మకానన్," అన్నాడు. తిండి అని. "తా బోలే." వీల్లేదు.

"తిండి కాదు, ఇది సామి," అన్నాడు మావ.

"అడవిలో వాళ్లు దీన్ని తింటారు. తినేది తిండే లా."

"నిన్ను పులి తింటాది. అంతమాత్రాన నువ్వు తిండివయిపోతావేటి? నిన్నెలా ఒగ్గినారు బయటికి?"

నేను ఆ మాటను మలాయ్‌లోకి మార్చి చెప్పాను, పులిని తీసేసి. అయినా ఆ కుర్రవాడికి సగం అర్థమై నవ్వేశాడు. చివరికి ఒప్పందం కుదిరింది. పొద్దున్న గేటు దాటిన తాబేలు సాయంత్రం తిరిగొచ్చి తన మొహం చూపించాలి. కర్ఫ్యూ పాటించిన తాబేలు ఈ భూమ్మీద అదొక్కటే.

ఇలా ఉండగా ఉత్తరాన సయాం సరిహద్దునున్న కెడా నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు గోనెసంచిలో ఒకదాన్ని తెచ్చాడు. మావ సంచి విప్పి, దాన్ని రెండు చేతులా ఎత్తి ఎండలోకి పట్టాడు. పసుపురంగు డిప్ప, మధ్యమధ్య నల్లమచ్చలు, ఏనుగు కాళ్లు. ఆయన సయాంలో వదిలేసిన జాతి అది. మూకుడులో నీళ్లు తాగి బయటికొచ్చేసింది. ఎండుగడ్డి నమిలింది. సిమెంటు మెట్టు మీద ఎండలో కాసేపు, నీడలో కాసేపు, పెన్షను తీసుకున్న హెడ్మాస్టరులా పచార్లు చేసింది.

"ఇంకేం మావా! ఓడ ఎప్పుడు?"

"సూద్దాం. నడకలో గర్వమున్నాది."

మర్నాడు ఎడమకన్ను చిన్నదన్నాడు. ఆ తరవాత దాని ఊపిరి నచ్చలేదన్నాడు. నెలలు గడిచాయి. పసుపు తాబేలు ఇంట్లోనే ఉండిపోయింది. కూర్మి దానికి మందారపువ్వులు పెట్టేది, కొబ్బరినూనె గుడ్డతో డిప్ప తుడిచేది, పెళ్లికొడుకా అని పిలిచేది. "ఈడు గడప దాటేదాకా నాను దాటను," అని లైనంతా చాటింది.

ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర పట్టుకున్నాను. "మావా, నిజం చెప్పు. దానికి ఏం తక్కువైంది?"

ఒక కన్ను మూశాడు. "ఏటీ తక్కువ నేదు."

"మరి?"

"అల్లుడూ, బుర్రెట్టి ఆలోసించు. మొక్కు తీరీదాకా ఆ సామికి నాతో పనుంది. నా గుంటని సూసుకుంటాడు. తీరిపోనాదనుకో, ఆయనకేటి? ఎన్ని కోట్లమంది లేరు ఆయనకి. మర్సిపోతాడు."

"అంటే దేవుణ్ని మోసం చేస్తున్నావు."

"మోసమేటి! ఎతుకుతున్నాను గదా? ఎతకడం మానీత్తే మోసం. ఆయనకి తాబేలంటే నానేదోకటి అట్టుకెల్లిపోతానేటి? మంచిది సూడొద్దేటి?" అని కట్టెలు ఎగదోశాడు. ఆయనకు ఒళ్లంతా నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది. "గుంటకి నాను తప్ప ఎవులూ నేరు. నాకది తప్ప ఎవులూ నేరు."

మెర్డెకాకు, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం రావడానికి, ముందటేడు వానలు లైన్లున్న ఆ పల్లాన్ని చెరువు చేశాయి. ఇంటింటా జ్వరాలు. కూర్మి రెండు రోజులు అలాగే టాపింగుకు వెళ్లింది. మూడోనాడు లేవలేకపోయింది. ఎస్టేటు ఆస్పత్రి డ్రెస్సరు, అదే కాంపౌండరు, చూసి, మందులిచ్చి, లాభం లేదు, టౌను ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాడు. లారీ వచ్చింది. మా ఆవిడ ఎక్కి కూర్మి తల ఒళ్లో పెట్టుకుంది.

"ఎక్కు మావా, చోటుంది," అన్నాను.

ఆయన ఎక్కలేదు. "నానక్కడికొచ్చి ఏటి సేత్తాను? నా పని ఇక్కడున్నాది," అన్నాడు. ఇంట్లోకి పరిగెత్తి తాబేలును ఎత్తుకొచ్చాడు. "టిక్కెట్టు ఎక్కడిత్తారు? పద. ఇయ్యాలే ఓడెక్కీత్తాను."

ఓడ రోజూ ఉండదని చెప్పాను. వినలేదు. లారీ గేటు దాటి టౌను దారి పట్టింది, ఆయన మూటతో వెనకే గేటు దగ్గరికి వెళ్లాడు.

ఆ వారం కట్టడి బిగించారు. గేటు దగ్గర మన కుర్ర కానిస్టేబులుతో పాటు కొత్త సార్జెంటొకడున్నాడు. మూట విప్పించి, తిండి బయటికి పోదు, మనిషి వెళ్లొచ్చు, తాబేలు వెళ్లకూడదన్నాడు.

"ఇది నేకుండా నానెల్లి ఏటి సేత్తాను?" అన్నాడు మావ. రోజూ పులిని మధ్యలోకి లాగి తగువాడే మనిషి, ఆ బురదలో కూర్చుని సార్జెంటు బూట్లు పట్టుకున్నాడు. "బాబూ, నా గుంట. నా గుంట సచ్చిపోతాది. పదేళ్లయినాది, నాను ఎగ్గొట్టినాను. ఇయ్యాల ఒగ్గండి. ఇయ్యాలొక్కనాడు."

నేను మార్చి చెప్పాను. ఈసారి ఏ మాటా తీసెయ్యలేదు. సార్జెంటు చెడ్డవాడు కాడు. పైఅధికారిని అడగాలన్నాడు, టెలిఫోను దగ్గరికి మనిషిని పంపాడు. మేం వానలో ఉన్నాం.

టెలిఫోను మనిషి కంటే ముందు లారీ తిరిగొచ్చింది. డ్రైవరు పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని.

మావ చూశాడు. చేతిలో తాబేలును మెల్లగా నేల మీద పెట్టాడు. అది కాసేపు ఆగి, తల బయటపెట్టి, ముళ్లతీగ కింద నుంచి బయటికి నడిచి వెళ్లింది. కొంతదూరం పోయాక కుర్ర కానిస్టేబులే తుపాకీ గేటుకానించి వెళ్లి, దాన్ని రెండు చేతుల్తో తెచ్చి మావ ఒళ్లో పెట్టాడు.

లారీలో కూర్మి మాట్లాడిన ఒకే మాట మా ఆవిడ నాకు చెప్పింది, ఆయనకు చెప్పలేదు. "అయ్య రానేదేటి?" అందట.

ఆ రోజు మావ పొగ ఇంటికి వెళ్లి మంట సరిచేశాడు. షీట్లు బూజు పడతాయని. ఏడవలేదు. ఏడ్చినా అక్కడ తెలియదు, అందరి కళ్లూ నీళ్లు కారే చోటే అది. కర్మలయ్యాక నా దగ్గరికొచ్చి ఓడ సంగతి మళ్లీ అడిగాడు.

నాకు కోపం వచ్చింది. "ఇంకా ఎవరి కోసం మావా మొక్కు?"

"నానడిగింది ఒకటే అల్లుడూ. నానింటికొచ్చీతలికి గుంట బతికుండాల అన్నాను. బతికున్నాది. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. నాది ఉండిపోనాది."

మెర్డెకా వారం ఎస్టేటంతా జెండాలు. ఆఫీసు ముందు బిర్యానీ వండారు, రేడియో చుట్టూ చేరి అందరం అరిచాం. నేను అందరికంటే గట్టిగా అరిచాను, ఈ దేశంలో పుట్టినవాణ్ని. ఆ గొడవలోనే మావ పొయ్యి దగ్గరి ఇనపకడ్డీ ఇంకొకడి చేతికిచ్చి, మంట ఎంత ఉండాలో చూపించి, ఒక ట్రంకుపెట్టె, ఒక తలగడ, ఒక బిస్కెట్ల డబ్బాతో బయటికొచ్చాడు. డబ్బా మూతకు మేకుతో చిల్లులు పొడిచాడు. బస్సులో పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవు దాకా నేను దిగబెట్టాను. అక్కడా వానే.

రేవులో డబ్బా నా చేతికిచ్చాడు. "ఓపాలి సూడు అల్లుడూ. నా కళ్లు పొగకి పోనాయి, సరిగ్గా ఆనవు."

మూత తీశాను. పసుపు తాబేలు మెడ పొడుగ్గా సాచి సముద్రాన్ని చూసింది. పైన పెట్టిన మందారపువ్వును రెండు గుటకల్లో మింగింది. ఓడెక్కడానికి వచ్చినవాళ్లు మూగారు. ఊరికి పోతున్న ముసలమ్మొకతె డబ్బాకు దణ్ణం పెట్టింది. కిందటేడు శ్రీకూర్మం చూసొచ్చిన పెద్దమనిషి ఒకాయన మన వాళ్లుండే పేట బ్రిక్‌ఫీల్డ్స్‌లో కనిపించి చెప్పాడు: గుళ్లో చుక్కల తాబేళ్ల మధ్య పసుపుది ఒకటి మిట్టమధ్యాహ్నం బండల మీద తిరుగుతోందట. కనుబొమలు లేని ముసలాయనొకడు ఒక కన్ను మూసి దానివైపే చూస్తూ మండపంలో కూర్చుంటాడట.

ఇక్కడితో ఆపేశాను. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ లేచి వెళ్లి వంటింట్లో నిలబడింది. అందుకని మళ్లీ కలం తీశాను.

ముసలమ్మ లేదు. మూగినవాళ్లు లేరు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో పెద్దమనిషి లేడు. ఓడ కదిలిన తరవాత ఆ మనిషి కబురు ఒక్కటీ నాకు తెలియదు. మూత తీయడం ఒక్కటే నిజం. తాబేలు మెడ బయటికే ఉంది. ఒక పక్కకు వాలిపోయి ఉంది. పువ్వు అలాగే ఉంది. వేలితో తాకాను, మెడ లోపలికి పోలేదు. మూత పెట్టేశాను.

"ఏటి సేత్తన్నాది?" అన్నాడు మావ.

"నిద్రపోతోంది. లేపకు."

"లేపన్లే," అన్నాడు గొంతు బాగా తగ్గించి. డబ్బాను రెండు చేతులా అందుకుని, చిల్లుల్లోంచి వాన లోపలికి పడకుండా పైన అరచెయ్యి కప్పి, అడుగు చప్పుడు కాకుండా ఓడ మెట్లు ఎక్కాడు.